పాత డీజిల్ కారు రిపేరు: ఏ పని ఇంట్లో, ఏ పని మెకానిక్ దగ్గర, ఏ పని పంపు షాపులో

మా ఇంట్లో రెండు డీజిల్ బండ్లున్నాయి. ఒకటి నాన్న కొన్న 2003 క్వాలిస్, రెండోది నేను సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్న 2011 స్విఫ్ట్. రెండిటికీ ఒకే బంకులో డీజిల్ కొట్టిస్తాం. కానీ రిపేరు దగ్గరికొచ్చేసరికి రెండిటి దారులూ వేరు. క్వాలిస్ ఇంజిన్ నడుస్తుండగానే నాజిల్ (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే ముక్కు) పైపు నట్టు కాస్త వదులు చేసి ఏ సిలిండర్ పని చేయట్లేదో చూస్తాను. అదే పని స్విఫ్ట్‌లో చేస్తే నన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. అందుకే పాత డీజిల్ కారు ఇంట్లో బాగు చేసుకోవచ్చా అని ఎవరడిగినా, ముందు బానెట్ ఎత్తి చూపించమంటాను.

ఈ రెండు బండ్లతో ఏళ్ళ తరబడి పని చేశాక నాకు కుదిరిన పద్ధతి ఒకటుంది. జబ్బు ఏమిటో కనిపెట్టడం వరకు ఏ బండైనా ఇంట్లోనే జరగాలి. విప్పే పని మాత్రం ఆ భాగానికి ఎంత శుభ్రత కావాలో, లోపల ఎంత ప్రెషర్ ఉంటుందో చూసుకుని ఎక్కడ చేయించాలో తేల్చుకోవాలి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. జబ్బు కనిపెట్టే పని మెకానిక్‌కి వదిలేసి, విప్పదీయడం ఇంట్లో మొదలుపెడతారు. డబ్బు పోయేది అక్కడే.

మీది పంపు బండా, సెన్సర్ బండా?

మెకానిక్‌లు వాడే మాటలే ఇవి. బానెట్ ఎత్తి డీజిల్ పంపు ఎక్కడుందో చూడండి. దాన్నుంచి నాలుగు సన్నని స్టీలు పైపులు బయల్దేరి ఒక్కొక్కటీ నేరుగా ఒక్కో సిలిండర్ మీదకు వెళ్తుంటే అది పంపు బండి. డీజిల్ అంబాసిడర్, మొదటి తరం ఇండికా, పాత సుమో, క్వాలిస్ ఈ కోవలోవి. అలా కాకుండా పంపు నుంచి వచ్చే పైపు ముందు ఒక లావుపాటి స్టీలు గొట్టంలోకి వెళ్ళి, ఆ గొట్టం నుంచి నాలుగు పైపులు చీలి, ప్రతి ఇంజెక్టర్ (ఈ బండ్లలో డీజిల్ చిమ్మేది) నెత్తిన ఒక వైరు కనెక్టర్ కనిపిస్తే అది కామన్ రైల్, అంటే సెన్సర్ బండి. 2005 నుంచి వచ్చిన ఇన్నోవా, 2007 నుంచి వచ్చిన డీజిల్ స్విఫ్ట్, ఆ తర్వాతి డిజైర్, రిట్జ్, ఇండికా విస్టా క్వాడ్రాజెట్, సీఆర్‌డీఐ అని రాసి ఉన్న హ్యుందాయ్‌లు అన్నీ ఇవే.

తేడా ఎంతంటే, క్వాలిస్ లాంటి బండిలో నాజిల్ తెరుచుకోవడానికి నూట ఇరవై, నూట యాభై బార్ల ప్రెషర్ చాలు. నాజిల్‌లో ఒక స్ప్రింగు ఉంటుంది, డీజిల్ దాన్ని తోసుకుని వస్తుంది, అంతే. కామన్ రైల్‌లో ఆ గొట్టం లోపలే 1,400 బార్లకు పైగా లేస్తుంది. మీ కారు టైరులో ఉండేది రెండు బార్ల పైచిలుకు. ఇంజెక్టర్ ఎప్పుడు తెరవాలో, ఎంతసేపు తెరిచి ఉంచాలో ఈసీఎం, అంటే ఇంజిన్ కంప్యూటర్, చెబుతుంది. పంపు బండి నడవడానికి కరెంటుతో పెద్ద పని లేదు, డీజిల్‌ని వదిలే, ఆపే కరెంటు వాల్వు, అంటే ఒక్క స్టాప్ సాలినాయిడ్‌కి 12 వోల్టులు అందితే చాలు. సెన్సర్ బండిలో ఇంజిన్ తిరగడాన్ని పసిగట్టే క్రాంక్ సెన్సర్ ఒక్కటి మూగబోయినా ఇంజిన్ ఉలకదు, పలకదు.

ఇంట్లో చేసుకోవాలన్న ఆశతోనే పాత డీజిల్ కొనబోతున్నవాళ్ళకు నా సలహా పంపు బండే. మైలేజీ తక్కువ, పికప్ తక్కువ, పొగ కాస్త ఎక్కువ. అయినా చేతికి లొంగుతుంది. రోజూ యాభై అరవై కిలోమీటర్లు తిరిగేవాళ్ళైతే మాత్రం 1,248 సీసీ ఫియట్ ఇంజిన్ ఉన్న బండి మంచిది. స్విఫ్ట్, డిజైర్, రిట్జ్, విస్టా, పుంటో, లీనియా అన్నిట్లోనూ అదే ఇంజిన్ కాబట్టి చిన్న టౌన్లలో కూడా సామాను, తెలిసిన చెయ్యి రెండూ దొరుకుతాయి. మారుతి 2020 ఏప్రిల్‌లో బీఎస్-6తో పాటు డీజిల్ కార్లు ఆపేసినా, రోడ్డు మీద ఉన్నవి ఇంకా లక్షల్లో ఉన్నాయి.

స్టార్ట్ కాకపోతే

దీని మీద కాస్త ఎక్కువసేపు ఆగుతాను. అనవసరంగా పంపులు విప్పించేది, కొత్త ఇంజెక్టర్లు కొనిపించేది ఈ కంప్లయింటే.

ముందు సెల్ఫ్ ఎలా తిరుగుతోందో వినండి. డీజిల్ ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు. గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకోవాలి. సెల్ఫ్ నీరసంగా తిరిగితే ఆ వేడి పుట్టదు, ఇంజిన్ అంటుకోదు. మల్టీమీటర్ బ్యాటరీ మీద పెట్టి, ఇంకొకరిని తాళం తిప్పమనండి. మామూలుగా 12.6 ఉండాల్సిన వోల్టేజి, సెల్ఫ్ కొట్టేటప్పుడు పదికి దిగువకు బాగా పడిపోతుంటే పంపు జోలికి వెళ్ళకండి. బ్యాటరీ, టెర్మినళ్ళు, ఇంజిన్ నుంచి బాడీకి వచ్చే ఎర్త్ వైరు చూడండి. టెర్మినళ్ళ మీద తెల్లగా, పచ్చగా పూత పూసి ఉంటే, వైర్లు ఊడదీసి వేడినీళ్ళు పోసి కడిగి, ఆరాక బిగించి పైన వాసెలిన్ రాయండి. రెండు రకాల బండ్లకూ ఇది ఒకటే, ఇంటిపనే.

సెల్ఫ్ గట్టిగా తిరుగుతున్నా అంటుకోవడం లేదంటే, సైలెన్సర్ దగ్గర పొగ చూడండి. ఇంత చిన్న విషయాన్ని ఎవరూ పట్టించుకోరు. సెల్ఫ్ కొడుతుంటే తెల్లటి, కళ్ళు మండించే పొగ వస్తోందంటే డీజిల్ సిలిండర్‌లోకి చేరుతోంది, కాలట్లేదు. అప్పుడు అనుమానం స్టార్టింగ్‌కి ముందు లోపల వేడెక్కించే హీటర్ ప్లగ్గుల మీద, గాలిని నొక్కే బలం, అంటే కంప్రెషన్ మీద. పొగ బొత్తిగా లేదంటే డీజిలే చేరట్లేదు. ఇక్కడి నుంచి దారి రెండుగా చీలుతుంది.

పంపు బండిలో పొగ లేకపోతే ముందు స్టాప్ సాలినాయిడ్ చూడాలి. పంపు వెనక పక్కన ఒంటి వైరుతో ఉంటుంది. తాళం ఆన్ చేసి ఆ వైరు తీసి పెడుతుంటే టిక్కుమని చప్పుడు రావాలి. రాకపోతే వైరులో 12 వోల్టులు ఉన్నాయో లేదో చూడండి. కరెంటు ఉండి టిక్కు లేకపోతే సాలినాయిడ్ పోయింది. కరెంటే లేకపోతే ఫ్యూజో, వైరో. ఇది తెలియక ఊరవతల ఆగిపోయిన బండిని టోయింగ్ చేయించినవాళ్ళు నాకు ఇద్దరు ముగ్గురు తెలుసు.

సాలినాయిడ్ బాగుంటే తర్వాతిది గాలి. డీజిల్ లైన్‌లోకి ఎయిర్ పట్టడం పంపు బండికి ఉన్న అతిపెద్ద రోగం. మా క్వాలిస్ ఒక వర్షాకాలం పొద్దున్నే స్టార్ట్ అయి, పది సెకన్లు నడిచి, చచ్చిపోయేది. మళ్ళీ ఇరవై సార్లు సెల్ఫ్ కొడితేగానీ లేచేది కాదు. మెకానిక్‌కి చూపిస్తే పంపు పోయింది, విప్పి కాలిబ్రేషన్ చేయించాలి, ముప్ఫై ఐదు వేలవుతుందని చెప్పారు. ఆ మాట విని నాన్న బండి అమ్మేద్దామన్నారు. మా వాకిలి వీధి కంటే ఎత్తు. బండి ముక్కు పైకి పెట్టి నిలిపిన రోజుల్లోనే ఈ గొడవ అని నాకు అప్పటికే అనుమానం. ఆ రాత్రి బండిని తిప్పి, ముక్కు కిందికి, తోక పైకి ఉండేలా పెట్టాను. పొద్దున్నే ఒక్క సెల్ఫ్‌కి లేచింది. ట్యాంకు వెనక ఉంటుంది కదా, తోక ఎత్తులో ఉంటే డీజిల్ తనంతట తనే ముందుకు జారి లైన్ నిండుగా ఉంటుంది. ముక్కు ఎత్తులో ఉంటే, ఎక్కడో సందు ఉన్నప్పుడు రాత్రంతా డీజిల్ వెనక్కి దిగిపోయి ఆ చోటికి గాలి వస్తుంది. పంపు పోతే బండి ఏ వైపు పెట్టినా ఒకేలా ఉండాలి.

తర్వాత హార్డ్‌వేర్ షాపులో దొరికే పారదర్శకమైన డీజిల్ ట్యూబు ఒక అడుగు ముక్క కొని, ఫిల్టర్‌కి పంపుకి మధ్య ఉన్న రబ్బరు పైపు స్థానంలో తగిలించాను. ప్రైమర్ (డీజిల్‌ని లైన్‌లోకి ఎక్కించే చేతి పంపు) నొక్కి ఎయిర్ తీసి ఇంజిన్ స్టార్ట్ చేస్తే, ఆ ట్యూబులో సోడా బుడగల్లాగా సన్నటి బుడగలు వరుసగా పోతున్నాయి. అదే ట్యూబును ఫిల్టర్‌కి ముందు, ఇంకా వెనక్కి, ఛాసిస్ దగ్గరి జాయింటుకి మారుస్తూ వచ్చాను. ట్యాంకు దగ్గర పెట్టినప్పుడు బుడగలు ఆగిపోయాయి. అంటే సందు ట్యాంకుకీ, ఆ ముందు పెట్టిన చోటుకీ మధ్యలో ఉంది. క్లిప్పు కింద దాక్కున్న రబ్బరు పైపు, వేలితో వంచితే గోరు పట్టేంత పగులు. అడుగున్నర పైపు, రెండు క్లిప్పులు. మూడొందలు కూడా కాలేదు. ఆ బండి ఇప్పటికీ మా వాకిట్లోనే ఉంది.

సెన్సర్ బండిలో పొగ లేకుండా స్టార్ట్ కాకపోతే పద్ధతి వేరు. అక్కడ పానా పట్టకముందే స్కానర్ పట్టాలి. ఓబీడీ పోర్టుకి (బండి కంప్యూటర్‌ని చదివే సాకెట్) తగిలించే చిన్న బ్లూటూత్ స్కానర్ వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది, ఫోన్లో యాప్‌తో పని చేస్తుంది. 2010కి ముందు బండ్లలో కొన్నిటితో ఇది మాట కలపదు, కొనేముందు అదే మోడల్ ఉన్నవాళ్ళ దగ్గర పెట్టి చూడండి. కోడ్ పీ 0335 వస్తే క్రాంక్ సెన్సర్ వైపు, పీ 0087 వస్తే రైల్ ప్రెషర్ తక్కువని అర్థం. కోడ్ చూపించిన సెన్సర్‌ని వెంటనే కొనేయకండి. ఎలుక కొరికిన వైరు కూడా అదే కోడ్ ఇస్తుంది. మన ఇళ్ళ దగ్గర, ముఖ్యంగా పొలాల పక్కన బండి పెట్టేవాళ్ళకు ఎలుకలే పెద్ద శత్రువులు.

లైవ్ డేటాలో రైల్ ప్రెషర్ తెరిచి సెల్ఫ్ కొట్టండి. చాలా బండ్లలో సుమారు 200 బార్ల దాకా లేవకపోతే ఈసీఎం ఇంజెక్టర్లను తెరవనివ్వదు. ప్రెషర్ లేవట్లేదంటే ముందు ఫిల్టర్, డీజిల్ లైన్, ట్యాంకులో పంపు ఉన్న మోడల్ అయితే దాని ఫ్యూజు. అవి బాగుంటే లీక్-ఆఫ్ పరీక్ష. ఇంజెక్టర్ల నెత్తిన సన్నటి రిటర్న్ పైపులు ఉంటాయి, వాటిలో ప్రెషర్ తక్కువ. నాలుగిటినీ జాగ్రత్తగా ఊడదీసి, నాలుగు చిన్న సీసాల్లోకి నాలుగు ట్యూబులు పెట్టి సెల్ఫ్ కొట్టినా, ఇంజిన్ నడిచే స్థితిలో ఉంటే రెండు నిమిషాలు నడిపినా, ఏ ఇంజెక్టర్ నుంచి డీజిల్ వెనక్కి కారిపోతోందో సీసాలే చెబుతాయి. మూడిట్లో అడుగున కాస్త, ఒకదాంట్లో సగం దాకా వస్తే దోషి దొరికినట్టే. ఈ పరీక్షకయ్యేది ట్యూబుల ఖర్చే. దీనివల్ల నాలుగు ఇంజెక్టర్లు మార్చాలన్నచోట ఒకటి బాగు చేయించి బయటపడ్డవాళ్ళున్నారు.

ఇంతవరకే ఇల్లు. రైలు నుంచి ఇంజెక్టర్‌కి వెళ్ళే స్టీలు పైపు మీద పానా పెట్టకండి. ఇంజిన్ నడుస్తుంటే ఆ పైపు జాయింటు దగ్గర లీకు కోసం చేతితో తడమకండి, అట్టముక్క పెట్టి చూడండి. ఆ ప్రెషర్‌లో డీజిల్ సన్నటి సూదిలా చర్మంలోకి దూరుతుంది. మొదట్లో చీమ కుట్టినంత గుర్తే, నొప్పి కూడా పెద్దగా ఉండదు. కొన్ని గంటల్లో లోపల కండరం కుళ్ళడం మొదలవుతుంది. అలా జరిగితే ఇంట్లో పసుపు రాసి కూర్చోకుండా, డీజిల్ ప్రెషర్‌తో లోపలికెళ్ళిందని స్పష్టంగా చెప్పి వెంటనే సర్జన్‌కి చూపించాలి.

హీటర్ ప్లగ్గుల సంగతి

పొద్దున్నే తెల్లపొగతో కష్టంగా లేచి, మధ్యాహ్నం శుభ్రంగా స్టార్ట్ అయ్యే బండికి ముందు ఇవే చూడాలి. క్వాలిస్ లాంటి పాత రకం ఇంజిన్లలో డీజిల్ ముందు ఒక చిన్న గదిలో కాలి తర్వాత సిలిండర్‌లోకి వస్తుంది. ఆ గదికి చలి ఎక్కువ, అందుకని కోస్తాలో కూడా వీటికి ప్లగ్గులు కావాల్సిందే. స్విఫ్ట్, ఇన్నోవా లాంటివాటిలో డీజిల్ నేరుగా పిస్టన్ మీద పడుతుంది కాబట్టి విజయవాడ ఎండల్లో ప్లగ్గులు పోయినా తెలియదు. డిసెంబర్‌లో అరకు వెళ్ళినప్పుడో, ఆదిలాబాద్‌లో రాత్రి ఆగినప్పుడో బయటపడుతుంది.

పరీక్ష తేలిక. ప్లగ్గుల మీద ఉన్న పట్టీ తీసేసి, మల్టీమీటర్‌తో ఒక్కొక్కదాని నెత్తికీ ఇంజిన్‌కీ మధ్య ఓమ్స్ చూడండి. ఒకటి, అటూ ఇటూగా వస్తే బతికి ఉంది. అంతు లేనంత చూపిస్తే కాలిపోయింది. మీటరు లేకపోతే ఇండికేటర్ బల్బుకు రెండు వైర్లు కట్టి, ఒకటి బ్యాటరీ ప్లస్‌కి, రెండోది ప్లగ్గు నెత్తికి తాకించినా చాలు, బల్బు వెలిగితే ప్లగ్గు బాగున్నట్టే. మార్చడం మాత్రం జాగ్రత్త. ఏళ్ళ తరబడి కార్బన్ పట్టి బిగుసుకున్న ప్లగ్గు విరిగితే ముక్క తీయడానికి సిలిండర్ హెడ్ దింపాల్సి రావచ్చు. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు, ముందురోజు తుప్పు వదిలించే ఆయిల్ పోసి, కాస్త తిప్పి, కాస్త వెనక్కి తిప్పుతూ తీయాలి. గట్టిగా పట్టేస్తే ఆపేసి మెకానిక్ దగ్గరికి వెళ్ళడమే మంచిది. పంపు బండిలో మొదటిసారి ప్రయత్నించవచ్చు, స్విఫ్ట్‌లో సన్నటి ప్లగ్గులు, అక్కడ నేను చెయ్యి పెట్టను. ప్లగ్గులు పని చేసే బండికి ఈథర్ స్ప్రే కొట్టి లేపడం ఎవరు చెప్పినా వినకండి, గాలి లోపలికెళ్ళే మానిఫోల్డ్ పేలిపోవచ్చు.

పొగ, పికప్, మిస్సింగ్

నల్లపొగ వస్తోందంటే ఉన్న డీజిల్‌కి గాలి చాలట్లేదు. ఎయిర్ ఫిల్టర్ తీసి చూడండి, మన మట్టిరోడ్ల మీద తిరిగే బండికి మాన్యువల్‌లో రాసిన గడువు వర్తించదు. టర్బో ఉన్న బండిలో ఆ తర్వాత చూడాల్సింది టర్బో నుంచి వెళ్ళే రబ్బరు పైపు. ఒకరు యాక్సిలరేటర్ తొక్కుతుంటే పక్కన నిలబడి వింటే బుస్సుమన్న చప్పుడు, పైపు కింద నూనె మరక, రెండూ దొరుకుతాయి. స్కానర్‌లో పీ 0299 ఉంటే ఇదే మొదటి అనుమానం, టర్బో మార్చాలన్న మాట తర్వాత. పీ 0401 ఉంటే ఈజీఆర్ వాల్వు (కొంత పొగని మళ్ళీ ఇంజిన్‌లోకి పంపేది) కార్బన్‌తో మూసుకుపోయి ఉండొచ్చు. అది తీసి శుభ్రం చేయడం ఓపిక ఉన్నవాడికి ఒక ఆదివారం పని. దాన్ని రేకు ముక్కతో మూసేయమని సలహా ఇచ్చేవాళ్ళుంటారు. ఆ పొగ పీల్చేది మన వీధిలో పిల్లలే కాబట్టి నేను ఒప్పుకోను.

తెల్లపొగకి తియ్యటి వాసన ఉండి, రేడియేటర్‌లో నీళ్ళు తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ (సిలిండర్ హెడ్ కింది సీలు) మీద అనుమానం. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన నిమిషం లోపే రేడియేటర్ పైన ఉండే పైపు రాయిలా గట్టిపడితే అనుమానం బలపడుతుంది. అది ఇంటిపని కాదు, అలాగే నడపకూడదు కూడా.

నీలిపొగ అంటే నూనె కాలుతోంది. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత వదులు చేసి చూస్తే, మూత కాస్త వణికితే ఫర్వాలేదు. ఊపిరి తన్నుకొచ్చినట్టు గుప్పుగుప్పున పొగ వస్తే పిస్టన్ రింగుల పని దగ్గరపడింది. టర్బో బండిలో నీలిపొగకి ఇంకో భయం ఉంది. టర్బో సీలు తెగి నూనె నేరుగా ఇంజిన్‌లోకి వెళ్తే, తాళం తీసేసినా ఇంజిన్ ఆ నూనె తాగుతూ పిచ్చిగా రేజ్ అవుతుంది. అప్పుడు టెన్షన్‌లో బానెట్ ఎత్తడానికి పరిగెత్తకుండా, బ్రేకు గట్టిగా తొక్కి పట్టి, టాప్ గేర్ వేసి, క్లచ్ ఒక్కసారిగా వదిలేయాలి. ఇంజిన్ ఆగిపోతుంది. ఇంట్లో బండి నడిపే ప్రతివాళ్ళకూ ఇది ముందే చెప్పి ఉంచండి.

మిస్సింగ్ (ఒక సిలిండర్ సరిగా పని చేయక ఇంజిన్ తడబడటం) విషయంలో పంపు బండిది సుఖం. ఇంజిన్ నడుస్తుండగా, కళ్ళద్దాలు పెట్టుకుని, గుడ్డ కప్పి, 17 నంబరు పానాతో ఒక్కో నాజిల్ పైపు నట్టు పావు చుట్టు వదులు చేయండి. వదులు చేయగానే ఇంజిన్ చప్పుడు మారితే ఆ సిలిండర్ పని చేస్తోంది. ఏమీ మారకపోతే రోగం ఆ సిలిండర్‌లోనే. ఆ నాజిల్ ఊడదీసి పంపు షాపుకి (డీజిల్ పంపులు, నాజిళ్ళు బాగు చేసే చోటు) చేతిలో పట్టుకెళ్తే, టెస్టర్ మీద పెట్టి స్ప్రే చూపిస్తారు. బాగున్నది మంచులా చిమ్ముతుంది, పాడైనది చుక్కలుగా కారుతుంది. బండి మొత్తం అప్పజెప్పడం కంటే ఇలా ముక్క పట్టుకెళ్ళడం ఖర్చులో ఎంతో తేడా.

ఎవరికి ఏ పని

ఆయిల్, ఫిల్టర్లు, ఫిల్టర్ కింద నీళ్ళు తీయడం, రబ్బరు పైపులు, బ్యాటరీ, రిలేలు, సాలినాయిడ్, వైర్ల వెతుకులాట, రెండు రకాల బండ్లలోనూ ఇంటిపనులే. బండి కిందకు దూరాల్సి వస్తే జాకీని నమ్మకండి. కింద స్టాండ్లు పెట్టి, తీసిన చక్రాన్ని కూడా బాడీ కింద పడుకోబెట్టాకే దూరండి.

టైమింగ్ బెల్టు, క్లచ్, హెడ్ పని వీధి చివర మెకానిక్‌కి. క్వాలిస్, ఇన్నోవాలలో బెల్టు, స్విఫ్ట్‌లో చైను ఉంటాయి. బెల్టు ఒక పన్ను తప్పి ఎక్కిస్తే వాల్వులు పిస్టన్‌కి తగలొచ్చు. వీడియో చూసి చేయదగ్గ పని కాదు. చైనుకి ఆ బాధ లేదనుకుంటారు కానీ ఆయిల్ సమయానికి మార్చకపోతే అదీ సాగి గలగలమంటుంది. పొద్దున్నే స్టార్ట్ చేయగానే ఇంజిన్ ముందువైపు నుంచి గొలుసు ఈడ్చినట్టు చప్పుడు వస్తే ఇంకో నెల ఆగుదామనుకోకండి.

పంపు, ఇంజెక్టర్లు పంపు షాపుకే. దీని వెనక నా సొంత నష్టం ఉంది. ఒకసారి స్విఫ్ట్ ఇంజెక్టర్ కింద రాగి వాషర్ లీకై చుట్టూ తారులా నల్లగా గడ్డకట్టింది. వాషర్ మార్చడమే కదా అని వాకిట్లో వేపచెట్టు కింద రాత్రంతా ఆపి ఉంచిన బండి హైప్రెషర్ పైపు విప్పాను. పైపు నోళ్ళకు మూతలు పెట్టలేదు. వాషర్ మారింది, లీకు ఆగింది, పదిహేను రోజుల్లో ఇంజెక్టర్ పట్టేసింది. ఆటోనగర్‌లో పంపు షాపు పెద్దాయన దాన్ని విప్పి, భూతద్దం కింద పెట్టి, సూది మీద ఒక గీత చూపించారు. "చూడు బాబూ, ఇది ఇసుక రేణువు కూడా కాదు, దుమ్ము," అన్నారు. ఇంజెక్టర్ సూదికీ దాని గూడుకీ మధ్య ఉండే సందు రెండు మూడు మైక్రాన్లు. తల వెంట్రుక మందం దానికి ఇరవై రెట్లకు పైనే. మన వాకిట్లో ఎంత ఊడ్చినా ఆ శుభ్రత రాదు.

కంపెనీ సర్వీస్ సెంటర్ ఎప్పుడంటే, ఇమ్మొబిలైజర్ (సరైన తాళం లేకపోతే ఇంజిన్‌ని లేవనివ్వని ఏర్పాటు), కొత్త తాళం, ఈసీఎం గొడవలున్నప్పుడు, ఇంకా కొత్త ఇంజెక్టర్ వేశాక దాని నంబరు ఈసీఎంకి ఎక్కించే సౌకర్యం మీ పంపు షాపులో లేనప్పుడు. చాలా కామన్ రైల్ బండ్లకు ఆ కోడింగ్ చేయకపోతే ఇంజిన్ గరగరలాడుతుంది, పొగ పోదు. మిగతా పాత బండి పనులకు అక్కడ ముక్క బాగు చేయడం కంటే మొత్తం మార్చడానికే మొగ్గు చూపుతారు. పదిహేనేళ్ళ బండికి ఆ లెక్క కుదరదు.

సామాను: కొత్తదా, రీకండిషన్డా, పాతదా

ఆల్టర్నేటర్, సెల్ఫ్ మోటార్, డోర్ సామాను, లైట్లు విజయవాడ ఆటోనగర్‌లోనో, హైదరాబాద్‌లో పాత సామాను దొరికే షాపుల్లోనో చూసి తెచ్చుకోవచ్చు. షాపు వాడి బ్యాటరీ మీద పెట్టి తిప్పి చూపించమంటే చూపిస్తారు. టర్బో, ఇంజెక్టర్లు, హైప్రెషర్ పంపు పాతవి తెచ్చుకోకండి, వాటి లోపల ఏముందో చూసి చెప్పగలిగే మనిషి లేడు.

కామన్ రైల్ ఇంజెక్టర్ కొత్తది ఒక్కొక్కటీ ఐదంకెల్లో ఉంటుంది. రీకండిషన్డ్‌కి అందులో సగం లోపే. నేనైతే రీకండిషన్డ్ తీసుకుంటాను, ఒక షరతు మీద: టెస్ట్ బెంచ్ మీద పెట్టాక వచ్చే ప్రింటు రిపోర్టు ఇవ్వాలి. ఐడ్లింగ్‌లో ఎంత డీజిల్, ఫుల్ లోడ్‌లో ఎంత, రిటర్న్ ఎంత అని అందులో ఉంటుంది. రిపోర్టు ఇవ్వలేమంటే కొత్తదే మేలు. పంపు బండి నాజిళ్ళకు ఈ తలనొప్పి లేదు, కొత్త నాజిల్ ముక్కు వేసి స్ప్రే, ప్రెషర్ సెట్ చేస్తే సరిపోతుంది.

డీజిల్ ఫిల్టర్ దగ్గర మాత్రం లోకల్ వద్దు. రెండు మూడు వందలు మిగిలించి, దాని వెనక ఉన్న యాభై వేల సామానుని పణంగా పెట్టినట్టవుతుంది. కిరోసిన్ కలపడం కూడా అంతే. పంపుకి డీజిలే కందెన, కిరోసిన్‌లో ఆ జిగట లేదు.

పనిముట్లలో పంపు బండివాళ్ళు మల్టీమీటర్, అడుగు పారదర్శక ట్యూబు ముందు కొనాలి. సెన్సర్ బండివాళ్ళు స్కానర్, తర్వాత మల్టీమీటర్. కంప్రెషన్ గేజ్ ఇంటికి అక్కర్లేదు. పెట్రోల్ బండిది డీజిల్‌కి పనికిరాదు, ఆ ప్రెషర్‌కి పగిలిపోతుంది. డీజిల్ గేజ్ ఉన్న మెకానిక్ దగ్గర ఏడాదికోసారి కొలిపించుకుంటే చాలు.

ఉంచుకోవాలా, ఇంకోటి కొనాలా

రిజిస్ట్రేషన్ పదిహేనేళ్ళకు అయిపోతుంది, ఫిట్‌నెస్ పాసైతే ఐదేళ్ళ చొప్పున పొడిగిస్తారు. ఆ సంవత్సరం రాకముందే బాడీ కింద తుప్పు చూసుకోండి. ఇంజిన్ ఎంత బాగున్నా ఛాసిస్ తుప్పు పట్టి పొరలు రాలుతుంటే దాని మీద పెట్టే డబ్బు వృథా. సముద్రం దగ్గరున్న ఊళ్ళ బండ్లకు ఇది ఎక్కువ. ఛాసిస్ గట్టిగా ఉండి, నాలుగు సిలిండర్ల కంప్రెషన్ దగ్గర దగ్గరగా ఉంటే, ఇంజెక్టర్లకో క్లచ్‌కో ఖర్చయినా పెట్టి ఉంచుకోమంటాను. కంప్రెషన్ నాలుగిట్లోనూ పడిపోతే ఇంజిన్ పని ఖర్చు, ఇప్పుడు బండికి పలికే ధర, రెండూ ఒక కాగితం మీద పక్కపక్కన రాయండి.

ఢిల్లీలో పదేళ్ళు దాటిన డీజిల్ బండ్ల మీద 2015లో ఎన్‌జీటీ (జాతీయ హరిత ట్రిబ్యునల్) ఆదేశాలతో ఆంక్షలు మొదలయ్యాక అక్కడి బండ్లు మన వైపు చవగ్గా రావడం పెరిగింది. ధర చూసి తొందరపడకుండా ఎన్‌ఓసీ (అక్కడి ఆర్టీఓ ఇచ్చే నిరభ్యంతర పత్రం), ఇక్కడ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్ కలిపి లెక్క వేసుకోండి. ఎక్కడిదైనా సరే, చూడ్డానికి వెళ్ళేముందు ఫోన్ చేసి, నేను వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని చెప్పండి. వెళ్ళగానే మాటల్లో పడకుండా బానెట్ మీద అరచెయ్యి పెట్టండి. చల్లగా ఉంటే తాళం మీరే తిప్పి, మొదటి నిమిషం పొగ రంగు, చప్పుడు చూడండి. వెచ్చగా తగిలితే ఆ రోజు బేరం ఆడకుండా వచ్చేసి, మర్నాడు పొద్దున్నే చెప్పకుండా వెళ్ళండి.